పదియవ పనివాడు

మా జైనూరు బజారులో ఎరువులు, విత్తనములు అమ్ము వర్తకుడొకడు కలడు. ఆయన దుకాణమున గుమాస్తాలు ముగ్గురు, హమాలీలు నలుగురు, బండ్లు నడుపువారు ఇద్దరు, వెరసి తొమ్మండుగురు పనిచేయుచున్నారు. వీరుగాక మార్లవాయి దిక్కు గూడెమునుండి వచ్చు పందొమ్మిదేండ్ల గోండు చిన్నవాడొకడు రెండేండ్లుగా అచటనే యున్నాడు. మాయొద్ద పదవతరగతి చదివినవాడు, లెక్క తప్పనివాడు, గోండి, తెలుగు, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలలోను బేరమాడగలవాడు. పత్తిచేలకు మందు కొనవచ్చిన రైతులు గుమాస్తాలను దాటి వానినే పిలుతురు. ఐనను దుకాణపు హాజరుపట్టీలో వాని పేరు లేదు. ఏనాటి కూలి ఆనాడు చేతికిత్తురు. కావున కాగితముపై వాడు పనివాడు కాడు, వచ్చిపోవువాడు.

2025 నవంబరు 21వ తేదీన సామాజిక భద్రతా సంహిత అమలులోనికి వచ్చినది. తరువాత కొన్నినాళ్ళకు ఆ వర్తకుడు ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, ఇంగ్లీషున నున్న యొక కాగితము మా చేతబెట్టి, చదివి చెప్పుమనెను. చదివి చెప్పితిమి. అంతట ఆయన, "సారూ, తొమ్మిదిమంది దాంక నేను సేటును. పదోని పేరు రాసిన్నాటి సంది దఫ్తర్ల చుట్టు తిరిగేటోన్ని. ఈ పిలగాన్ని ఏం జెయ్యమంటరు?" అనెను. పేరు వ్రాయుమను మాట మా నాలుక చివరకు వచ్చినది గాని, ఆయన ముఖము చూచి ఊరకుంటిమి. ఆ యూరకుండుటనుండి పుట్టినదే యీ వ్యాసము.

ప్రశ్న యిది: పనివాడు జబ్బుపడినపుడు ఆ భార మెవరిది? వానిదా, వానిచేత పని చేయించుకొనువానిదా, మనయందరిదా? దీనిని పెద్ద మిల్లులను, గనులను దృష్టియందుంచుకొని చర్చించుట సులభము. బొగ్గుగనుల సంస్థ తన కార్మికులకు ఆసుపత్రులు కట్టించినది. అది తగినదే యనుటకు మనకు సందేహము లేదు. కాని తానే అప్పులమీద సరుకు దెచ్చి, తానే బస్తా యెత్తి, తనకే రేపు గుండెనొప్పి వచ్చినచో ఎవరు దిక్కో యెరుగని చిన్న వర్తకుని యెదుట నిలిచి యీ ప్రశ్న వేయుడు. అపుడు ధర్మము అంత తేటగా కనబడదు.

మొదట చట్టము చెప్పునదేమో చూతము. 1944లో ఆచార్య బి. పి. అదార్కరు సమర్పించిన నివేదిక మూలముగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము పుట్టినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను ఢిల్లీలోను మొదట అమలైనది. దాని పద్ధతి సరళమైనది. నెలజీతమునుబట్టి యజమాని కొంత, పనివాడు కొంత చందా కట్టవలెను. అందుకు బదులుగా పనివానికిని వాని కుటుంబమునకును వైద్యము, జబ్బుపడిన దినములకు జీతములో నూటికి 70 వంతున ఏడాదికి 91 దినములవరకు భత్యము, స్త్రీలకు ప్రసవకాల భత్యము, పనిలో అంగహీనుడైనవానికి జీవనభృతి లభించును. యజమాని చందా నూటికి 4.75, పనివానిది 1.75గా నుండెను, 2019 జూలై 1 నుండి అవి 3.25గాను, 0.75గాను తగ్గింపబడినవి. వైద్యపు వ్యయములో ఎనిమిదవవంతు రాష్ట్రప్రభుత్వము భరించును. ఈ చట్టము తొలుత దేశమంతట లేదు; ప్రాంతముల వారిగా ప్రకటింపబడుచు వచ్చినది. కొత్త సంహిత ఆ ప్రకటనల కట్టుబాటును తీసివేసినది. కాని పదిమంది అను గీటును మాత్రము తీసివేయలేదు. ప్రాణాపాయకరమైన పనులకు తప్ప, పదుగురు పనివారున్నచోటనే చందా విధి. పదుగురికి తక్కువైనచో యజమానియు పనివారును సమ్మతించిన చేరవచ్చును, చేరకున్న నేరము లేదు.

ఇక లెక్క. వర్తకుని యెదుటనే పలకమీద వేసి చూపితిమి. మనిషికి నెలకు పదివేల రూపాయల జీతమనుకొందము. ఆ చిన్నవాని యొక్కనికే చందా ఐనచో యజమానికి పడునది నెలకు 325 రూపాయలు. ఒక యెరువుబస్తా లాభనష్టములలో కలిసిపోవు మొత్తమిది. కాని వాని పేరు పట్టీకెక్కినతోడనే మిగిలిన తొమ్మండుగురును చట్టము క్రిందికి వత్తురు. అపుడు నెలకు 3,250 రూపాయలు. అనగా పదియవవాని పేరు వ్రాయుటకు పదుగురి చందా కట్టవలెను. పైగా 1989లో చట్టమునకు చేర్చిన నియమమొకటి కలదు: ఒకసారి చట్టము క్రిందికి వచ్చిన దుకాణము, తరువాత పనివారు ఐదుగురే మిగిలినను, చట్టము క్రిందనే యుండును. ఆ నియమము ఉద్దేశము మంచిదే. లేనిచో యజమానులు నెల నెలకు మనుష్యులను చేర్చుచు తీసివేయుచు ఆటలాడుదురు. కాని చిన్నవర్తకుని కన్నులకు అది లోపలికి మాత్రమే తెరచుకొను తలుపువలె కనబడును. కావున ఆయన గడపకు ఇవతలనే నిలిచి తొమ్మిదివరకు లెక్కించి ఆగిపోవుచున్నాడు.

మన తెలుగున 'పదిమంది' యనగా లోకము. పదిమందిలో మాట, పదిమందికి మేలు, పదిమంది నవ్వుదురు అందుము. చట్టము ఆ మాటనే యథార్థముగా పదియను సంఖ్యకు దింపినందున, తొమ్మండుగురికి మేలు విధికాలేదు, పదియవవానికి పేరే లేకపోయినది.

దీనిని మన దేశపు వింతయని తలపరాదు. అమెరికాలో 2010లో వచ్చిన ఆరోగ్యచట్టము, పూర్తికాలపు పనివారు ఏబదిమంది యున్న యజమానులు వారికి బీమా చేయింపవలెననియు, లేనిచో దండుగ కట్టవలెననియు విధించెను. వారమునకు ముప్పది గంటలు పనిచేయువాడు పూర్తికాలపు పనివాడని నిర్వచించెను. వెంటనే అచటి యంగడులలో, ఆహారశాలలలో పనివారి గంటలను ముప్పదికి లోపల బిగించు యజమానులు బయలుదేరిరి. ఏబదియైన నేమి, పదియైన నేమి, గీటు గీచినచోట మనుష్యులు గీటునకు ఇవతల గుమిగూడుదురు. అట్లని గీటు గీచినవారిది దుర్బుద్ధి కాదు. ఇద్దరు మనుష్యులతో టీ అంగడి నడుపువానిమీద పెద్ద మిల్లుమీద వేసిన భారమే వేయరాదను జాలితోనే గీచిరి. ఆ జాలి యజమానికి చేరినది. ఇద్దరు మనుష్యులలో ఒకనికి మన్నెపు జ్వరము వచ్చినచో వానికి చేరినదేమి?

అది చెప్పుటకు ఆ గోండు చిన్నవాని సంగతియే చెప్పవలెను. సంహిత రాకపూర్వము, అదే యేటి వానకాలమున, వానికి జ్వరము వచ్చెను. మా మన్నెమున వానలతో జ్వరములు దిగుట అందరెరిగినదే. నాలుగు దినములు ఉట్నూరు ప్రభుత్వ వైద్యశాలలో నుండి, తరువాత పదునారు దినములు ఇంటిలో పడియుండెను. మందులకు వానికొక రూపాయియు కాలేదు. ఇంతకంటె పెద్ద జబ్బైనను, శస్త్రచికిత్స వలసినను, ఆరోగ్యశ్రీ కలదు. 2007 ఏప్రిలు 1న మూడు జిల్లాలతో మొదలైన ఆ పథకము పేదల యిండ్లలో ఎన్ని చావులు తప్పించినదో మేము కన్నులార చూచితిమి; మన తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి దాని పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగినది. ఈ సంస్కారమువలన యజమానులకు కలిగిన మేలును ఎవరును లెక్కించుట లేదు. వెనుకటి కాలమున హమాలీకి కడుపులో పుండు చీలినచో సేటు ఇంటిముందు ఏడ్పులు వినబడుచుండెను. నేడు ఆ యేడ్పు తెల్లకార్డుతో ఆసుపత్రికి పోవుచున్నది. సేటు తలుపు తట్టువారు లేరు.

కాని ఇరువదిదినముల కూలి మాటేమి? దానిని ఏ కార్డును ఇయ్యదు. కత్తి తాకిన దేహమునకు వైద్యమున్నది, పొయ్యి ఆరిన యింటికి లేదు. ఆ చిన్నవాడు చట్టము క్రింద బీమా పొంది యుండి, అర్హతకు వలసిన చందాదినములు నిండియున్నచో, మొదటి రెండు దినములు పోగా పదునెనిమిది దినములకు సుమారు 4,200 రూపాయలు వాని చేతికి వచ్చియుండెడివి. రాలేదు. వాని తండ్రి వర్తకునొద్దకే పోయెను. వర్తకుడు వేయిరూపాయలు ఊరకనే యిచ్చి, మరి యైదువేలు రాబోవు పత్తిమీద అప్పుగా నిచ్చెను. మంచివాడు. వడ్డీ తక్కువ వేసికొనెను. ఇటీవల ఆయన ఖాతాపుస్తకము మేము చూచినపుడు మాకు కలిగిన వింత యిది: ఆ పిల్లవాని పేరు హాజరుపట్టీలో లేదు గాని, అప్పుల పుటలో చక్కని దస్తూరితో నున్నది.

దయకును ఋణమునకును భేదమిక్కడ తెలియును. వర్తకుడు వేయి రూపాయలిచ్చుట దయ. ఇయ్యకున్నను అడుగువాడు లేడు. పుచ్చుకొన్నవాడు తలవంచి పుచ్చుకొనవలెను. మరునాడు పది నిముషములు ఆలస్యమైనచో ఆ వేయి రూపాయలు జ్ఞాపకము చేయబడును. అదే నాలుగువేలును చందా కట్టినందులకు బ్యాంకులో పడినచో, వాడు ఎవరికిని తలవంచనక్కరలేదు. మా దుకాణదారుడు ఇచ్చుటకు వెనుదీయలేదు. ఇయ్యవలసినవాడనని యొప్పుకొనుటకు వెనుదీసినాడు. ఉపకారికిని యజమానికిని నడుమ నున్న దూర మంతయు అక్కడనే యున్నదని మా నమ్మకము.

మన పూర్వులు దీనిని తలపలేదా? తలచిరి. కూలికి కుదిరి, రోగము లేకయే గర్వముచేత పని మానినవానికి దండుగ వేయుమనియు, కూలి ఇయ్యవద్దనియు మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నున్నది. వెంటనే, రోగియై మానినవాడు స్వస్థుడై ఒప్పుకొన్న పని నెరవేర్చినచో, ఎంత కాలమైనను వానికి కూలి దక్కవలెననియు నున్నది. రోగము నేరము కాదని గుర్తించినందుకు ఆ స్మృతికారుని మెచ్చుకొందము. ఆయన ఇతరస్థలముల శ్రమజీవులనుగూర్చి వ్రాసినవానిని మెచ్చుకొనజాలము. ఐనను ఇక్కడ కూడ లోపమున్నది. కూలి దక్కునది లేచి పని ముగించిన తరువాత. మంచమునబడియున్న నాళ్ళలో వాడు తిను అన్నమెవరిదో స్మృతి చెప్పదు. శుక్రనీతి యను గ్రంథమున రోగియైన భృత్యునికి జీతములో కొంతభాగ మీయవలెనను మాట కనబడుచున్నది. ఆ గ్రంథము ఏకాలపుదో పండితులలో వివాదము కలదు గాన, దానిని చూపి మన ప్రాచీనతను ఊరేగించు పనికి మేము పూనుకొనము. చెప్పిన వారెవరైనను మంచిమాటయే చెప్పిరి. కాని శాస్త్రము చెప్పినది ఒక యజమాని, ఒక భృత్యుడు, వారిద్దరి నడుమ ధర్మము. చిన్న యజమానికి శక్తి లేనపుడు ఏమి చేయవలెనో ఆ దృష్టికి అందలేదు.

ఆ కొరతను పూరింపజూచినది బీమా యను భావన. 1883లో జర్మనీలో బిస్మార్కు కాలమున రోగబీమా చట్టము వచ్చినపుడు పనివాడు రెండుపాళ్ళు, యజమాని ఒకపాలు కట్టవలెననిరి. 1911లో ఇంగ్లండున పనివాడు నాలుగు పెన్నీలు, యజమాని మూడు, ప్రభుత్వము రెండు కట్టునట్లు చట్టము చేసిరి. ఇంగ్లండు చట్టమున గుర్తింపదగిన విషయ మొకటి: ఇంత సంఖ్య యని గీటు లేదు, ఇంటిలో ఒక్క దాసి యున్నను ఆ యింటి యజమానురాలు కట్టవలసినదే. చందా కట్టినందుకు గుర్తుగా వారమువారము ఒక బీమాబిళ్ళను కార్డుపై అంటింపవలెను. ఆ యేటి నవంబరులో లండను ఆల్బర్టు హాలులో గొప్ప యింటి స్త్రీలు పెద్దసభ చేసి, దాసీలకొరకు మేము బిళ్ళలు నాకి అంటింపము పొమ్మనిరి. చట్టము నిలిచినది. మూడు పెన్నీలవలన ఏ దొరసాని సంసారమును దివాలా తీసినట్లు చరిత్రలో లేదు.

మన చట్టమున ఆ రెండు పెన్నీల జాడ తగినంతగా లేదు. వైద్యములో రాష్ట్రము వహించు ఎనిమిదవవంతు తప్ప తక్కినదంతయు యజమానియు పనివాడును మోయవలెను. ఇందుచేత బీమా పెద్ద మిల్లులకు ఒదిగినది, చిన్న దుకాణములకు బిగిసినది, మా ప్రాంతపు ముఖ్యమైన పనులకు అసలే తాకలేదు. ఆదిలాబాదు పేరు చెప్పగానే పత్తి జ్ఞాపకము వచ్చును. జిన్నింగు మిల్లులో దూది ధూళి రొమ్మునకెక్కి దగ్గుచు పనిచేయువారిని మేమెరుగుదుము. అట్టి మిల్లులో పదుగురు కాదు, ఏబదిమంది యున్నను చందా విధి కాదు. ఏలయన పత్తి గింజతీయుట 'ఋతుసంబంధమైన కర్మాగారము'లలో మొదటిదిగా చట్టముననే పేరుపెట్టి మినహాయింపబడినది. కొత్త సంహితయందును ఆ మినహాయింపు నిలిచినది. పని ఋతువును బట్టి యుండవచ్చును గాని, ఊపిరితిత్తులు పండ్రెండు నెలలవి.

ఉమ్మడి కరీంనగరము దిక్కునకు పోయి సిరిసిల్లను చూతము. అచట సాంచెల నేత. నూలుబీములు ఇచ్చు సేటు పైన, సాంచెలు నడుపు కార్మికుడు క్రింద, ఇద్దరి నడుమ ఆసామి. ఆసామికి కొన్ని సాంచెలు. తానును నేయును, భార్య కండెలు చుట్టును, ఒకరిద్దరు కార్మికులను పెట్టుకొనును. మీటరు లెక్కన సేటు ఇచ్చినదానిలోనుండి కరెంటు బిల్లు కట్టి, కార్మికునికి కూలి ఇచ్చి, మిగిలినది తాను తినవలెను. ఇతడు యజమానియా, పనివాడా? కార్మికుడు పైకి చూచిన ఇతడే యజమాని. ఇతడు పైకి చూచిన సేటు యజమాని. చట్టము ఎవరిని చూచినను పదుగురు కనబడరు. సిరిసిల్లలో కార్మికుడును ఆసామియు ఒకే దగ్గు దగ్గుదురు. వీరిద్దరిలో ఒకనిని రోగియనియు మరియొకనిని ఆ రోగమునకు బాధ్యుడనియు చేయు న్యాయము మాకు తలకెక్కదు. నిజమైన యజమాని బట్ట ప్రయాణముచేయు దారిలో ఎక్కడనో పైన నున్నాడు.

ఆ పైనున్నవానిని పట్టుకొను ఉపాయము మనదేశముననే యొకటి యుండెను. కరీంనగరము, నిజామాబాదు, నిర్మల ప్రాంతములలో ఇంటింట చాట ఒడిలో బెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలకు యజమాని ముఖమే కనబడదు; నడుమ కమీషనుదారు ఆకు, తంబాకు తూచి యిచ్చి, బీడీలు లెక్కించి పుచ్చుకొనును. వీరిని ఒక దుకాణమున పదుగురిగా లెక్కించుట యెట్లు? కావున 1976లో చట్టము చేసి వేయి బీడీలకు ఇంత యని పన్ను వేసి, ఆ ద్రవ్యముతో బీడీ కార్మికులకు వైద్యశాలలు, వారి పిల్లలకు చదువుసహాయము ఏర్పాటు చేసిరి. ఇందు గొప్ప సూక్ష్మమున్నది. పన్ను మనుష్యుల తలలమీద కాక సరుకుమీద పడినందున, పనివారిని దాచి ఎవడును లాభము పొందలేడు. దుకాణమును రెండుగా చీల్చినను, పేర్లు చెరిపివేసినను, బీడీలు వేయి వేయియే. పెద్ద కంపెనీ యెక్కువ కట్టును, చిన్నది తక్కువ కట్టును, గడపదగ్గర తొట్రుపాటు లేదు. 2017లో సరుకులు, సేవల పన్ను వచ్చినపుడు ఇతర పన్నులతోపాటు దీనిని కూడ తుడిచివేసిరి. అప్పటినుండి బీడీకార్మికుల వైద్యము ప్రభుత్వపు సాధారణ వ్యయములో నొకపద్దు. హక్కుగా వచ్చుచున్న రూపాయి కేటాయింపుగా మారినది. మన పత్రికలలో దీనిపై ఎంత చర్చ జరుగవలసి యుండెనో అంత జరుగలేదని మా విచారము.

ఆ బీడీకి ఆకు మా అడవిలోనిది. వేసవిలో మా మండలపు గోండులు, కోలాములు తెల్లవారకమునుపే పోయి తునికాకు కోసి, ఏబది ఆకులు కట్టగా కట్టి, కల్లమున అప్పగింతురు. వారికి యజమాని ఎవరు? ప్రభుత్వమా, వేలము పాడిన గుత్తదారా, నిర్మలలో బీడీ చుట్టించు కంపెనీయా, రైలు దిగి బీడీ వెలిగించు పెద్దమనుష్యుడా? మా అభిప్రాయమున నలుగురును. అందుచేతనే వారి జబ్బు ఒక్క యజమాని పట్టీలో ఇముడదు.

ఇక్కడ వర్తకుల పక్షమున చెప్పు మాట యొకటి వినవలెను. ఇట్టి భారములవలన చిన్నవ్యాపారములు కూలిపోవును, ఉన్న పనులును పోవును అందురు. అందులో కొంత నిజమున్నది. నెలకు 3,250 రూపాయలు అన్నది పంట పోయిన యేట మా వర్తకునికి చిన్నమొత్తము కాదు. పైగా చందా కట్టినవాడు ఎదురు కోరును గదా! ఆయన పనివారిని కూర్చుండబెట్టి మేము బీమా సంగతి చెప్పినపుడు హమాలీ యొకడు, "గా దవాఖాన యాడున్నది సార్?" అని అడిగెను. కాగజ్‌నగరున నున్నదంటిమి. అందరును నవ్విరి. కెరమెరి ఘాటు దిగి, ఆసిఫాబాదు దాటి, జ్వరముతో బస్సులలో ఊగుచు పోవలెను. డెబ్బదియైదు రూపాయలు జీతములో కోసికొని అంత దూరమున మంచము చూపు బీమాను చూచి నవ్వినవానిని అజ్ఞానియని మేమనజాలము. వైద్యుడు అందని చోట చందా వసూలు చేయుట పన్ను తప్ప బీమా కాదు.

కాని ఆ మాటలోని రెండవసగము అసత్యము. భారము యజమాని మోయనందున మాయమగుట లేదు. ఆ పిల్లవాని తండ్రి అయిదువేల అప్పు మోయుచున్నాడు. ఆ యింటి ఆడపిల్ల బడి మాని పత్తి ఏరుచున్నది. వ్యాపారమునకు భారమని మనము తీసివేసినదంతయు దానికంటె చిన్న సంసారముమీద పడుచున్నది. ఆ సంసారము దివాలా తీసినను ఏ పత్రికయు వ్రాయదు.

అదే విధముగా, యజమానికే సర్వము ముడివేసిన విధానము పనివానికి మేలని తలచువారును కాగజ్‌నగరునే చూడవలెను. సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడి 2018లో గాని తెరువబడలేదు. పని పోయినవానికి కొంతకాలము సహాయ ముండునట్లు బీమాలో ఏర్పాటు లేకపోలేదు. కాని అది కొంతకాలమే. జీతమును వైద్యమును ఒకే త్రాట కట్టినపుడు త్రాడు తెగిననాడు రెండును పోవును. మిల్లు తలుపు మూసినంతమాత్రమున మనిషికి రోగములు సెలవు పుచ్చుకొనవు.

కావున మాకు తోచిన దిది. వైద్యము యజమాని యెవరను ప్రశ్నతో పనిలేక అందరికిని రావలెను. ఆ దారిలో మనము కొంత నడిచితిమి. జబ్బుదినముల కూలికి మాత్రము బీమా వలయును, అది పదియవవానినుండి కాక మొదటివానినుండి మొదలు కావలెను. ఒక్క పనివాడున్నవాడు ఒక్కనికే కట్టును. అపుడు పదియవవానికి 325 రూపాయలే గాని 3,250 కావు. చిన్నయజమాని పాలులో సగమైనను ప్రభుత్వము వహింపవలెను. నూలు, బీడీ, పత్తి వంటి సరుకులందు పనివారు చెదరియుండుటచే సరుకుమీదనే రాబట్టవలెను. ఆసామిని, చిల్లరవర్తకుని కూడ బీమా పొందువారిలో చేర్చవలెను. తనకు రక్షణ లేనివాడు ఇతరుని రక్షణకు చందా కట్టుట కష్టము. ఇది ధర్మశాస్త్రము కాదు, మనుష్యస్వభావము. ఇందుకు డబ్బెక్కడిదని అడుగువారు, ఇపుడు ఆ డబ్బెవరు కట్టుచున్నారో ముందు అడుగవలెను.

ఇంత వ్రాసిన తరువాత మా యింటి సంగతి దాచుట న్యాయము కాదు. మేము ప్రభుత్వోపాధ్యాయులము. జ్వరమువచ్చిన సెలవు కలదు, సెలవునకు జీతము కలదు, ఆసుపత్రి ఖర్చు తిరిగి వచ్చు విధానము కలదు. ఈ మూడును అనుభవించుచున్న మా యింట గిన్నెలు తోమి బట్టలుతుకు నామె ఆ వానకాలముననే పండ్రెండు దినములు రాలేదు. నెల తుదను లెక్కచూచి పండ్రెండు దినముల జీతము తగ్గించి యిచ్చితిమి. ఇచ్చునపుడు మాకేమియు తోచలేదు, ఆమె యడుగలేదు, అడుగకుండుటయే మాకు సమాధానముగా నుండెను. వర్తకునికి పలకమీద లెక్కవేసి చూపుచున్నపుడు మా యింటిలోపలినుండి గిన్నెల చప్పుడు వినబడినది. మేమును యజమానులమే, ఒక్క పనిమనిషిగల యజమానులము. ఏ గీటునకును అందనంత చిన్నవారము. చదువరులలో మాబోటివారు తక్కువగా నుండరని తలచెదము. ఆ రాత్రి మా గృహిణితో చెప్పగా ఆమె, "ఇన్నాళ్ళకు లెక్క వచ్చిందా!" అని మాత్రము అనెను. తగ్గించిన మొత్తము మరునాడు ఇచ్చివేసితిమి. ఆమె పుచ్చుకొని, ఏ పండుగ వచ్చినదని యడిగెను.

వర్తకుడు మొన్న మరల వచ్చెను. సమ్మతిచే చేరుటకు తొమ్మండుగురిలో ఐదుగురు ఒప్పుకొనిరనియు, హమాలీలు మాత్రము దవాఖాన ఉట్నూరునకు వచ్చిననాడు చూతమనిరనియు చెప్పెను. ఆ పిల్లవాని సంగతి మేమడుగకయే ఆయన ఎత్తెను. వానికి పదిదినముల కూలి జబ్బుసెలవుగా ఇత్తునని దుకాణమున చెప్పినాడట. కాని అది నోటిమాట. పేర్ల పట్టిక యొకటి తెల్లకాగితమున గీసి యిమ్మనగా గీసి యిచ్చితిమి. పది గీతలు గీచితిమి. ఆయన చూచి ఏమియు ననక, మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళెను. ఈ వ్యాసము అచ్చునకు పంపునాటికి ఆ కాగితము తిరిగి రాలేదు.